అన్న ఎత్తు

ఇద్దరూ గోడలకి రంగులు వేసేవాళ్ళు. అన్న అసలు పేరు తోటి పనివాళ్ళలో సగం మందికి తెలియదు. స్టూలు ఎక్కకుండానే కిటికీ పైదాకా బ్రష్ ఆడించేవాడని అందరూ "నిచ్చెన" అనే పిలిచేవారు. తమ్ముణ్ణి చిన్నోడు అనేవారు. ముప్పై దాటినా, నెత్తి మీద జుట్టు పలచబడుతున్నా చిన్నోడే. ఊహ తెలిసినప్పటి నుంచి అన్న వీపు చూసుకుంటూ నడిచినవాడికి అంతకంటే పెద్ద పేరు ఎవరు పెడతారు?

రంగు డబ్బాలు, నిచ్చెనలు వేసుకెళ్ళడానికి వాళ్ళకో పాత వ్యాను ఉండేది. ఒకరోజు పొద్దున్నే పనికి వెళ్తుంటే వెనక కట్టిన నిచ్చెన గడగడలాడటం మొదలుపెట్టింది.

"ఆపరా, తాడు వదులైనట్టుంది," అన్నాడు అన్న.

ఎత్తుకి ఎక్కే రోడ్డు అది. చిన్నోడు మలుపు తిరిగి, రాతి పిట్టగోడ వ్యానుకి కాస్త వెనకగా ఉండేలా ఆపాడు. అన్న దిగి వ్యాను వెనక్కి వెళ్ళి తాడు విప్పడం మొదలుపెట్టాడు. సాయం చేద్దామని చిన్నోడూ దిగాడు. దిగే ముందు హ్యాండ్ బ్రేకు వెయ్యలేదు.

లోపల ఎవరో కూర్చుని జాగ్రత్తగా నడుపుతున్నట్టు వ్యాను మెల్లగా వెనక్కి జరిగింది. అన్న రెండు చేతులూ ముడిలో ఉన్నాయి. చిన్నోడు అరిచి, పరిగెత్తి, తలుపు తీసి బ్రేకు లాగేసరికే బంపరుకీ పిట్టగోడకీ మధ్య అన్న కాళ్ళు నలిగిపోయాయి. ఆసుపత్రిలో రెండు కాళ్ళూ మోకాళ్ళ కింద నుంచి తీసేశారు. మోకాళ్ళు దక్కాయి, అదే అదృష్టం అన్నారు డాక్టర్లు.

వదిన ఒక్కసారే అడిగింది.

"బ్రేకు వెయ్యలేదా?"

"లేదు వదినా."

ఆమె కాసేపు వాడి మొహంలోకి చూసి, చేతిలో ఉన్న మందుల చీటీ మడతపెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అన్న అయితే ఆ ఒక్కసారి కూడా అడగలేదు. స్పృహ వచ్చిన రోజు చిన్నోడు మంచం పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. తిడతాడని చూశాడు. చెంప మీద ఒకటి పడినా బాగుండుననుకున్నాడు. అన్న కళ్ళు తెరిచి, "టీ తాగావా?" అని అడిగాడు. ఆ మాట వాణ్ణి చాలాకాలం నిద్రపోనివ్వలేదు.

ఇంటికి తెచ్చాక పనంతా వాడే నెత్తినేసుకున్నాడు. స్నానం చేయించడం, గెడ్డం గీయడం, చక్రాల కుర్చీ తొయ్యడం. వదిన ఒక బట్టల కొట్లో పనిచేసేది, పగలంతా ఇంట్లో ఉండేది కాదు. అన్న దాహం అనకముందే నీళ్ళు, దురద అనకముందే వీపు గోకడం. "నన్ను కాస్త ఊపిరి పీల్చుకోనీరా," అని అన్న నవ్వేవాడు. ఆ నవ్వు కూడా వాడికి ముల్లులా గుచ్చుకునేది.

గాయాలు మానాక కృత్రిమ కాళ్ళు తయారుచేసే చోటికి తీసుకెళ్ళారు. కింద వర్క్‌షాపు, పైన నడక నేర్పే హాలు. వర్క్‌షాపంతా ప్లాస్టరు వాసన. గోడకి వరసగా అచ్చులు, అల్యూమినియం గొట్టాలు, చెప్పులు తొడిగిన పాదాలు. అక్కడి పెద్దావిణ్ణి అందరూ కాళ్ళ టీచరమ్మ అనేవారు. కాళ్ళు చేసి ఇవ్వడమే కాదు, వాటితో సరిగ్గా నడవకపోతే చిన్నపిల్లల్ని కోప్పడినట్టు కోప్పడుతుంది, అందుకని.

"మీ ఎత్తెంత?" అని అడిగింది అన్నని.

"ఎప్పుడూ కొలుచుకోలేదు మేడం. అందాల్సినవన్నీ అందేవి. ఇంక కొలతెందుకు?"

"ఆరడుగులు మేడం," అన్నాడు చిన్నోడు వెనక నుంచి.

"అంత ఉండనేమో రా," అన్నాడు అన్న.

"పాత ప్యాంటు ఏదైనా ఉంటే తెండి, కాలు పొడుగు తెలుస్తుంది."

అవి లేవు. ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోనే వదిన ఆ ప్యాంట్లన్నీ మూటకట్టి ఎవరికో ఇచ్చేసింది. అలమర తెరిచినప్పుడల్లా అవి అలా వేలాడుతుంటే చూడలేకపోయింది.

"సరే, ఒంటినే అడుగుదాం," అంది టీచరమ్మ.

అన్న కుడి అరచేతిని ఎడమ భుజం మీద పెట్టించింది. మోచేతి మొన నుంచి మణికట్టు దగ్గర పొడుచుకొచ్చిన ఎముక దాకా టేపు పట్టింది. తర్వాత చెయ్యి పక్కకి బారుగా చాపించి, గొంతు కింద గుంట నుంచి నడిమివేలి కొస దాకా కొలిచింది. తుంటి ఎముక నుంచి మోకాలి దాకా మూడో కొలత. ప్రతిదానికీ తన దగ్గరున్న పట్టిక చూసి లెక్క కట్టింది.

"ముంజేయి ఐదడుగుల ఎనిమిది అంటోంది. బార ఎనిమిదిన్నర. తొడ ఎముక తొమ్మిదికి కాస్త తక్కువ. మూడూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి."

చిన్నోడు నమ్మలేకపోయాడు. వాడు ఐదడుగుల ఏడంగుళాలు. చిన్నప్పటి నుంచి తల పైకెత్తి చూసిన అన్నకీ తనకీ తేడా ఒకటిన్నర అంగుళమేనా?

"తప్పేమో మేడం. మళ్ళీ కొలవండి."

"కొలత తప్పలేదు బాబూ. కానీ ఇది అంచనానే. మోకాలి కింద ఎముక కూడా ఉండి ఉంటే ఇంకాస్త గట్టిగా చెప్పేదాన్ని. కొంతమందికి చేతులు పొట్టి, కాళ్ళు పొడుగు. రెండంగుళాలు అటూ ఇటూ అవ్వొచ్చు." ఆవిడ టేపు చుట్టుకుంటూ అంది. "ఎంతొచ్చినా నేనైతే ఒక అంగుళం తగ్గించే చేస్తాను. రెండు కాళ్ళూ పోయినవాళ్ళు కాస్త కిందకుంటేనే నిలకడ. వచ్చేవారం అచ్చు తీస్తాం. ఈలోపు గుర్తు చేసుకోండి. ఇంట్లో ఏ గుమ్మం దగ్గరైనా తల వంచేవారా, ఏ అటక అందేది, ఏది అందేది కాదు. అలాంటివి నాకు పనికొస్తాయి."

ఇంటికొచ్చాక చిన్నోడు గోడలు కొలిచే టేపు పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. అన్నిటికంటే పొట్టిది స్నానాలగది గుమ్మం. కొలిస్తే పైపట్టీ ఐదడుగుల పదంగుళాల దగ్గరుంది. వాడు దాని కింద నిలబడి తల మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. రోజూ పొద్దున్నే అన్న ఆ గదిలోంచి తల తుడుచుకుంటూ, ఏదో కూనిరాగం తీస్తూ వచ్చేవాడు. ఒక్కనాడూ తల వంచలేదు. ఆ సంగతి వాడికి స్పష్టంగా గుర్తుంది. పట్టీకీ తడిజుట్టుకీ మధ్య వెలుతురు కూడా కనిపించేది. టీచరమ్మ టేపు చెప్పింది నిజమే.

తెలిసినా మనసు ఒప్పుకోలేదు. ఆయన కాళ్ళు తీసేసింది తను. తిరిగి ఇచ్చేటప్పుడు అంగుళం తగ్గించి ఇస్తారా? ఇంకా తగ్గితే అన్న తన పక్కన నిలబడి తనంతే ఉంటాడు. నిచ్చెన అని పిలిచే నోళ్ళు ఏమని పిలుస్తాయి?

వారం తర్వాత అన్నని లోపల బల్ల మీద పడుకోబెట్టి అచ్చు కోసం ప్లాస్టరు చుడుతున్నారు. టీచరమ్మ బయటికొచ్చి చిన్నోణ్ణి అడిగింది.

"గుమ్మాల సంగతి ఏమైనా గుర్తొచ్చిందా?"

"స్నానాలగది గుమ్మం మేడం. ఐదడుగుల పది ఉంది. అన్నయ్య తల వంచకపోతే తగిలేది. ఎన్నిసార్లు తగిలిందో." వాడి గొంతు వణికింది. అబద్ధం ఆడుతున్నందుకు వణికింది గానీ, ఆవిడ దాన్ని ఇంకోలా అనుకుంది.

"నిజంగానా? ఎముకలు చెప్పేదానికి చాలా తేడా ఉందే."

"మీరే అన్నారు కదా మేడం, కొందరికి కాళ్ళు పొడుగని. ఆ కాళ్ళు పోగొట్టింది నేనే. నాకు తెలీదా అవి ఎంతుండేవో?"

ఆవిడ వాడి కళ్ళలోకి చూసింది. వాటిలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇంకేమీ అడగలేదు. లెక్కలో రెండంగుళాలు పెంచింది. తగ్గిద్దామనుకున్న అంగుళం కూడా తగ్గించలేదు.

కాళ్ళు తయారయ్యాయి. హాల్లో రెండు ఇనప కమ్మీల మధ్య అన్న మొదటిసారి లేచి నిలబడ్డాడు. చేతులతో కమ్మీలు పట్టుకుని కిందకి చూసి, "నేల ఇంత లోతుకి పోయిందేంట్రా?" అన్నాడు. చుట్టుపక్కల నడక నేర్చుకుంటున్నవాళ్ళు నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. అన్న మోకాళ్ళు వణకడం చూస్తోంది.

"ఎత్తు ఎక్కువనిపిస్తోందా? చెప్పండి, తగ్గిస్తాను. గొట్టం మార్చడం పెద్ద పని కాదు."

అన్న తమ్ముడి వైపు చూశాడు. చిన్నోడు తల పైకెత్తి ఆయన్ని చూస్తున్నాడు. చెంపల మీద నుంచి కన్నీళ్ళు కారిపోతున్నా, తుడుచుకోవడం మరిచి నవ్వుతున్నాడు. వ్యాను జారిన రోజు తర్వాత వాడు నవ్వడం అదే మొదటిసారి.

"అలవాటైపోతుందిలెండి," అన్నాడు అన్న.

అలవాటవ్వలేదు. కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళు పైకి లేచి మేజాకి తగిలేవి. నాలుగడుగులు వేస్తే తొడలు బండబారిపోయేవి. చేతికర్రలు రెండు ఉన్నా గాలికి ఊగే కొమ్మలా ఉండేవాడు. అయినా పట్టు వదల్లేదు. కొన్నాళ్ళకి గదిలోంచి గదిలోకి ఒంటరిగా వెళ్ళడం మొదలుపెట్టాడు. ఒక ఉదయం చిన్నోడు స్టవ్ మీద పాలు పెట్టి చూస్తుంటే, "నువ్వు రాకు. ఇవాళ నా అంతట నేనే స్నానాలగదికి వెళ్తా," అని కేకేశాడు. కర్రల టకటక వినిపించింది. తర్వాత ఒక గట్టి దెబ్బ, వెంటనే పెద్ద చప్పుడు.

చిన్నోడు పరిగెత్తాడు. అన్న గుమ్మం ముందు వెల్లకిలా పడి ఉన్నాడు. నుదురు పైన చీరుకుపోయి రక్తం కారుతోంది. గుమ్మం పైపట్టీకి నెత్తురు అంటింది. కుడి చెయ్యి ఒంటి కింద మెలితిరిగి ఉంది. రంగులు వేసే చెయ్యి.

మణికట్టు విరిగిందన్నారు. నుదుటికి కుట్లు వేశారు. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని వదిన తనలో తనే మాట్లాడుకుంటున్నట్టు అంది.

"ఇన్నేళ్ళుగా ఆ గుమ్మంలోంచే తిరిగాడు. ఒక్కనాడు తల తగల్లేదు. ఇప్పుడెందుకు తగిలింది?" చేతిసంచి దగ్గరికి లాక్కుని, "ఆ టీచరమ్మే ఏదో తప్పు కొలిచుంటుంది. రేపు వెళ్ళి అడుగుతా. మనిషి ప్రాణంతో ఆటలా?" అంది.

చిన్నోడు లేచి నిలబడ్డాడు. "నేనెళ్తాను వదినా," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే వెళ్ళాడు. టీచరమ్మ ఒక అచ్చుని ఆకురాయితో నున్నగా చేస్తోంది. తెల్లటి పొడి ఆవిడ చేతుల నిండా, కళ్ళజోడు మీద. వాడు నిలబడే చెప్పాడు. గుమ్మం సంగతి, తనకి ముందే తెలిసిన సంగతి, అన్న పడ్డ సంగతి. అంతా అయ్యాక ఆవిడ ఆకురాయి పక్కన పెట్టి కళ్ళజోడు తీసింది.

"నువ్వు ఎవరి కాళ్ళు చేయించుకెళ్ళావు బాబూ? ఆయనవా, నీ మనసు కోరినవా?"

ఆవిడ కళ్ళజోడు మీది పొడి కొంగుతో తుడిచింది.

"నా టేపు నాకు సరిగ్గానే చెప్పింది. నేను నీ ఏడుపు మొహం చూసి టేపుని పక్కన పెట్టాను. ఆయన వణుకుతుంటే కళ్ళారా చూసి కూడా ఊరుకున్నాను. ఆ తప్పు నాది. ఆయన దగ్గర నేనే చెప్పుకుంటాను. నీది నువ్వు చెప్పుకో."

"మీరు చెబితే బాగుంటుందేమో మేడం. కోపం రాకుండా..."

"కోపం వస్తే రానీ. ఆయన కోపం కూడా నువ్వే కొలిచి ఇస్తావా?"

మర్నాడు అన్నని ఇంటికి తెచ్చారు. కుడిచేతికి కట్టు, నుదుటి మీద బ్యాండేజీ. కాళ్ళు రెండూ గోడకి ఆనించి ఉన్నాయి, చెప్పులతో సహా. వదిన దిండు సర్దుతుంటే చిన్నోడు మంచం దగ్గర నేల మీద కూర్చుని చెప్పేశాడు. వదిన చేతిలో దిండు అలాగే ఉండిపోయింది.

"ఎందుకురా?" అన్నాడు అన్న.

"నీకు ముందున్న ఎత్తులో ఒక్క అంగుళం కూడా తగ్గకూడదనుకున్నా."

"తగ్గలేదుగా. పెరిగింది."

పక్కింట్లో ఎవరో అంట్లు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. అన్న మళ్ళీ నోరు విప్పినప్పుడు గొంతు పెద్దగా లేవలేదు.

"ఆ రోజు బ్రేకు మర్చిపోయావు. మర్చిపోవడం ఎవరికైనా ఉంటుంది, నేనూ మర్చిపోయేవాణ్ణేమో అనుకుని దిగమింగుకున్నా. ఇది మర్చిపోవడం కాదు. తెలిసి చేశావు."

"అవును."

"నిన్ను నేనెందుకు ఒక్క మాట అనలేదో తెలుసా? అంటే తట్టుకోలేవని. కాళ్ళు పోయింది నాకు, ఓదార్పు నీకు. పొద్దున లేస్తే నీ మొహం చూసి, ఇవాళ నవ్వాలి, లేకపోతే వీడు కుమిలిపోతాడు అనుకోవడం. ఆ కాళ్ళు పొడుగని మొదటిరోజే తెలిసిందిరా నాకు. మోకాళ్ళు చెప్పాయి. నువ్వు నవ్వుతున్నావని నోరు మూసుకున్నా." అన్న కళ్ళు మూసుకున్నాడు. "వెళ్ళు. కొన్నాళ్ళు నా కళ్ళ ముందుండకు."

చిన్నోడు లేచాడు. వదిన గుమ్మం దాకా వచ్చింది. తలుపు చప్పుడు కాకుండా వేసింది.

తోటి పెయింటరు ఒకడు తన గదిలో చోటిచ్చాడు. చిన్నోడు ఒక్కడే పనులు ఒప్పుకున్నాడు. కిటికీల పైన రంగు వేయడానికి స్టూలు వేసుకోవాల్సి వచ్చేది. స్టూలెక్కి చూస్తే, అన్నకి కూడా ఆ పైమూల తేలిగ్గా అందేది కాదని అర్థమైంది. మునివేళ్ళ మీద లేచి, భుజం సాగదీసి, బ్రష్ కొస పట్టుకుని వేసేవాడన్నమాట. సాయంత్రానికి ఆ భుజం పట్టేసేదని వదిన నూనె రాయడం గుర్తొచ్చింది. అన్నీ కళ్ళ ముందే జరిగాయి. తను మాత్రం కింద నిలబడి, మా అన్నకి అందనిది లేదు అనుకుంటూ ఉండిపోయాడు.

అన్నకి ఇప్పుడు నీళ్ళెవరు ఇస్తున్నారో, గెడ్డం ఎవరు గీస్తున్నారో అని రోజంతా మనసు పీకేది. ఫోను చేతిలోకి తీసుకునేవాడు, పెట్టేసేవాడు. వెళ్తే ఆయన కోసం వెళ్ళినట్టా, తన గుండె బరువు దించుకోవడానికి వెళ్ళినట్టా? ఇంతకుముందు ఆ ప్రశ్న వాడికి తట్టనే లేదు.

చేతికట్టు విప్పాక వదినే ఫోను చేసింది.

"రేపు కాళ్ళు సరిచేయించాలి. వ్యాను తీసుకురా."

"అన్నయ్య రమ్మన్నాడా?"

"వద్దనలేదు."

దారంతా అన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. గెడ్డం బాగా పెరిగింది. ఎడమచేత్తో తనే గీసుకోబోయాడేమో, దవడ కింద ఒక గాటు ఉంది. చిన్నోడు దాన్ని చూసి, రోడ్డు మీదకి చూపు తిప్పుకున్నాడు.

టీచరమ్మ కుర్చీ లాక్కుని అన్న ఎదురుగా కూర్చుంది. చుట్టూ మనుషులున్నా గొంతు తగ్గించలేదు. "నా కొలతని నేనే నమ్మకుండా మీకు తప్పుడు కాళ్ళిచ్చాను. మీరు వణుకుతుంటే అప్పుడే తగ్గించాల్సింది. తప్పు నాది, క్షమించండి," అంది. అన్న తలూపాడు. "ఈసారి మిమ్మల్నే అడుగుతాను. మీ ఎముకలు ఐదడుగుల ఎనిమిదిన్నర అంటున్నాయి. అక్కడి నుంచి ఎంత తగ్గించమంటారు?"

"నన్ను నిలబెట్టి చూడండి."

ఆవిడ వేర్వేరు గొట్టాలు బిగించి చూసింది. అన్న ప్రతిసారీ కమ్మీల మధ్య లేచి, బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మార్చి, తల అడ్డంగా ఊపాడు. చివరికి ఒకచోట ఆగాడు. రెండు చేతులూ కమ్మీల మీద నుంచి తీసేశాడు. మోకాళ్ళు వణకలేదు.

"ఇది చాలు."

"ఇది ఐదడుగుల ఆరే," అంది టీచరమ్మ. "మరీ తగ్గిపోయారేమో."

"ఎముకలకి పాత సంగతే తెలుసు మేడం. ఇకముందు నిలబడాల్సింది నేను. పడినా ఎక్కువ దూరం పడను."

వదిన దగ్గరికొచ్చి పక్కన నిలబడింది. "ఇన్నాళ్ళకి మెడ నొప్పి లేకుండా నీ మొహం చూస్తున్నా," అంది. అన్న నవ్వాడు. అది ఎవరి కోసమో తెచ్చిపెట్టుకున్న నవ్వు కాదని చిన్నోడికి తెలిసింది. ఆ తేడా ఇన్ని నెలలుగా తను ఎందుకు పసిగట్టలేకపోయాడో అనుకుని లోపల్లోపలే కుంచించుకుపోయాడు.

అన్న కర్రలు తీసుకుని కమ్మీల మధ్య నుంచి బయటికి నడిచాడు. చిన్నోడు దారికి అడ్డంగా ఉన్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా ఆగారు. నిలబడి ఉండగా జీవితంలో మొదటిసారి అన్న కళ్ళు వాడి కళ్ళ కంటే కింద ఉన్నాయి. చిన్నోడికి తెలియకుండానే మెడ వంగింది, భుజాలు జారాయి, మోకాళ్ళు కాస్త మడిచాడు. ఎలాగోలా ఆయన కంటే పొట్టిగా ఉండాలని ఒళ్ళే ప్రయత్నం చేసింది.

అన్న అది చూశాడు.

"వంగకు," అన్నాడు. "సరిగ్గా నిలబడు."

చిన్నోడు నిలబడ్డాడు. వీపు నిటారుగా పెట్టి, అన్న మొహంలోకి పైనుంచి కిందకి చూడటం వాడు ఆ రోజు వరకు చేసిన పనులన్నిటిలోకీ కష్టమైంది. నుదుటి మీద కుట్ల గుర్తు ఎర్రగా కనిపించింది. చూపు తిప్పుకోవాలనిపించింది, తిప్పుకోలేదు. అన్న కాసేపు వాణ్ణి అలాగే చూసి, పక్కకి తప్పుకోమన్నట్టు కర్రతో సైగ చేసి, తలుపు వైపు నడిచాడు. చిన్నోడు పక్కకి జరిగి, చేతులు ముందుకు రాకుండా జేబుల్లో పెట్టుకుని, ఆయన వెళ్ళడం చూస్తూ నిలబడ్డాడు.